అరుపుల పుష్పవల్లి

మా ఆవిడ పుష్పవల్లి ఇంట్లో గట్టిగా మాట్లాడేది కాదు. నేను ముందు గదిలో ఉంటే వంటింట్లోంచి కేకేసి పిలవడం ఆమెకు చేతకాదు. గరిటె చేత్తో పట్టుకునే వచ్చి, పక్కన నిలబడి, "ఏవండీ, ఉప్పు సరిపోయిందో లేదో చూడండి" అనేది. ముప్పై ఐదేళ్ల కాపురంలో నా మీద గొంతు పెంచిన రోజు ఒక్కటీ గుర్తు లేదు. అలాంటి మనిషిని డబ్బింగ్ థియేటర్లలో అందరూ అరుపుల పుష్పవల్లి అనేవారు. సినిమాల్లో ఆడవాళ్లు అరిచే అరుపులు చెప్పడం ఆమె వృత్తి.

పోయిన కార్తీకంలో నిద్రలోనే వెళ్లిపోయింది. డబ్బింగ్ కళాకారుల సంఘం వాళ్లు సంతాప సభ కోసం ఒక ఫోటో, ఆమె గురించి నాలుగు వాక్యాలు పంపమన్నారు. పెద్ద రచయితలు చెబుతుంటే సంభాషణలు రాసుకుని సాఫు ప్రతులు తీయడం నా ఉద్యోగం. ఇతరుల మాటలు వేలకొద్దీ పేజీలు రాశాను. ఆ నాలుగు వాక్యాలు మాత్రం రాయలేకపోయాను. ఎలా మొదలుపెట్టినా గోవిందు దగ్గరకే వెళ్తోంది. గోవిందు మా కుక్క. రాట్‌వైలర్. అందుకే ఇదంతా రాస్తున్నాను.

పుష్పవల్లిది నరసాపురం. పంతొమ్మిదేళ్లప్పుడు వాళ్ల అక్క మంజులత వెంట మద్రాసు వచ్చింది. మంజులత గ్రూప్ డబ్బింగ్ చెప్పేది, అంటే తెర మీద గుంపు కనిపించినప్పుడు వినిపించే మాటలు. ఒకరోజు పెద్ద నటికి అరుపు చెప్పాల్సినామె గొంతు పోయి రాలేదు. ఉన్న వాళ్లలో ముగ్గురు ప్రయత్నించినా కుదరలేదు. బయట బల్ల మీద కూర్చున్న చెల్లెల్ని ఎవరో సరదాకి లోపలికి పిలిచారు. మైకు ముందు నిలబడి తెర వంక చూసి ఒక్కసారి అరిచిందట. సౌండ్ ఇంజనీరు హెడ్‌ఫోన్లు తీసి పక్కన పడేశాడట. ఆ తర్వాత పరిశ్రమ హైదరాబాద్ వచ్చింది, మేమూ వచ్చాం. ఆమె పేరు తెర మీద ఎప్పుడూ పడలేదు. కానీ మీరు ఏ సినిమాలోనైనా మెట్ల మీంచి దొర్లుతూ ఒక ఆడమనిషి అరిచిన అరుపు విని ఉలిక్కిపడి ఉంటే, అది మా ఇంటి మనిషి గొంతు అయి ఉండొచ్చు.

"అరుపు గొంతులోంచి వస్తే రెండు రోజుల్లో గొంతు పోతుంది. పొట్టలోంచి రావాలి" అని కొత్త పిల్లలకు చెప్పేది. బుగ్గలో ఎప్పుడూ అతిమధురం ముక్క ఉండేది. శవాన్ని చూసిన అరుపు వేరు, శవం తనవాళ్లదని తెలిశాక అరిచే అరుపు వేరు అనేది. ఆమెకు ఒక నియమం ఉండేది. ఇంట్లో అరవదు. సాధన కూడా చెయ్యదు. "ఇల్లు భయపడుతుందండీ" అనేది. నవ్వేవాణ్ణి.

మాకు పిల్లలు లేరు. ఫిల్మ్‌నగర్‌లో, షేక్‌పేట వైపు దిగే వాలులో, నాలుగంతస్తుల భవనంలో మొదటి అంతస్తున అద్దెకుండేవాళ్లం.

మూడేళ్ల కిందటి మాట. ఒక సినిమాలో ప్రతినాయకుడి బంగళాలోకి ఒక తల్లి వెళ్తుంది. రాట్‌వైలర్ మీదపడుతుంది. ఆ తల్లికి పుష్పవల్లి అరవాలి. ఆ రోజు నేను కూడా థియేటర్లో ఉన్నాను. కుక్క గుర్రుమనే శబ్దాలు ఇంకా కలపలేదు. తెర మీద బొమ్మ మూగగా ఆడుతోంది. అదే ముక్క మళ్లీ మళ్లీ తిప్పుతున్నారు. ఐదోసారో ఆరోసారో ఆమె అరవకుండా ఆగిపోయింది.

"ఏమైందమ్మా? లిప్ సింక్ కుదరట్లేదా?" అని అద్దం అవతల నుంచి ఇంజనీరు అడిగాడు.

"బాబూ, దాని తోక చూడు."

"తోకెక్కడుందమ్మా, కోసేశారుగా!"

"మొదలు కదుల్తోంది చూడు. అది ఆవిడతో ఆడుకుంటోంది. మొహం నాకుదామని చూస్తోంది."

లోపల అందరూ నవ్వారు. "మీరు అరవండమ్మా, అదే కరుస్తుంది. కానివ్వండి, మిక్సింగ్ వాళ్లు నా ప్రాణం తీస్తున్నారు" అన్నాడతను.

అరిచింది. మంచి అరుపే. తిప్పి చూపించినప్పుడు ఆడుకుంటున్న కుక్క నా కళ్ల ముందే మనిషిని తినే కుక్క అయిపోయింది. ఇంటికొచ్చాక అన్నం కలిపి, కలిపినదాన్ని చూస్తూ కూర్చుంది.

"ఇలాంటివి ఎన్ని చెప్పానో లెక్క లేదండీ. అన్నిట్లోనూ ఆ నల్ల కుక్కే. మనం దాని మొహాన అరుపులు పోశాం. జనం అదే నమ్మారు."

మరుసటి ఏడాది కొన్ని జాతుల కుక్కలు ప్రమాదకరమని పేపర్లలో, టీవీల్లో రోజూ వచ్చింది. పెంచుకున్న వాళ్లే తెల్లవారుజామున కార్లలో తెచ్చి రోడ్ల మీద వదిలేసి పోతున్నారని నిహారిక చెప్పింది. నిహారిక సినిమాల్లో చిన్నపిల్లల గొంతులు చెబుతుంది. ఆదివారాలు చిలుకూరు దారిలో ఉన్న ఒక కుక్కల షెల్టర్‌లో పనిచేస్తుంది. ఆమె ఫోనులో ఒక కుక్క ఫోటో చూపించింది. పుష్పవల్లి దాన్ని చాలాసేపు చూసి, "ఈ ఆదివారం మమ్మల్ని తీసుకెళ్తావా?" అంది. మమ్మల్ని అంది. నన్నడగలేదు.

ఆ కుక్క షెల్టర్‌లో చివరి గదిలో ఉంది. ఆరేళ్ల మగకుక్క. జూబ్లీహిల్స్‌లో ఇల్లు ఖాళీ చేసిన వాళ్లెవరో గేటుకు కట్టేసి వెళ్లిపోయారట. మూడో రోజు ఎవరో ఫోన్ చేస్తే షెల్టర్ వాళ్లు తెచ్చారు. తర్వాత ఇద్దరు తీసుకెళ్లి ఇద్దరూ తిరిగి తెచ్చి ఇచ్చేశారు.

"కరిచిందా?" అని అడిగాను.

"లేదంకుల్. గుర్రుమంటోందని భయపడ్డారు. అది గుర్రు కాదు, ఇష్టం. ముద్దు చేస్తే గొంతులో అలా గుడగుడలాడతాడు. ఎవరికి చెప్పినా నమ్మరు."

నిహారిక తలుపు తీసింది. నేను గోడకు అతుక్కుపోయాను. అది వచ్చి పుష్పవల్లి చుట్టూ ఒకసారి తిరిగి, తన బరువంతా ఆమె మోకాళ్ల మీద వేసి నిలబడింది. ఆమె పడబోయి కటకటాలు పట్టుకుంది. మెడ వెనక చెయ్యి వేసి నిమిరితే లోపలెక్కడో మోటారు తిరుగుతున్నట్టు శబ్దం వచ్చింది.

"దీని పేరేంటి?"

"ఇక్కడ టైసన్ అంటారాంటీ."

"ఈ మొహానికి టైసనేంటమ్మా! పొద్దున్నే స్నానం చేసి గుడికెళ్లే పెద్దమనిషిలా ఉన్నాడు. గోవిందు. ఏరా గోవిందూ, మా ఇంటికొస్తావా?"

భవనం గేటు దగ్గర కాపలా ఉండే బాలనర్సయ్య మమ్మల్ని చూసి కుర్చీలోంచి లేచి కుర్చీ వెనక్కి వెళ్లాడు. అతనిది మెదక్ వైపు. పదకొండేళ్లుగా అక్కడే పని.

"ఏందమ్మా గిది? కుక్కనా, దున్నపోతా?"

"కుక్కే నర్సయ్యా. గోవిందు."

"గోవిందుడా! అందర్ని గోవిందా కొట్టించేటట్టున్నడు. సారు, మీరన్న చెప్పరాదు?"

"నేను చెబితే వింటుందా?" అన్నాను. పుష్పవల్లి నవ్వింది. గోవిందు కుర్చీని వాసన చూసి ముందుకు నడిచాడు.

వారం తిరక్కుండానే భవనం అసోసియేషన్ సెక్రటరీ చలపతిరావు గారు ఇంటికొచ్చారు. గుంటూరు వైపు మనిషి, పూర్వం సినిమా పంపిణీ కార్యాలయంలో మేనేజరు. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"చెల్లెమ్మా, మీ మీద నాకు చాలా గౌరవం. కుక్క మీద లేదు. అందరూ నన్నే అడుగుతున్నారు. ఒక కాయితం రాసిచ్చెయ్యండి, నా గొడవ తీరిపోతుంది."

కాయితం ఆయనే టైపు చేయించుకొచ్చారు. మూతికి బుట్ట లేకుండా బయటికి తీసుకురాకూడదు. లిఫ్టు వాడకూడదు. ఒక్క ఫిర్యాదు వచ్చినా కుక్కను పంపించెయ్యాలి. నిహారికకు ఫోన్ చేస్తే, "చట్టం ప్రకారం వాళ్లు అలా అడగకూడదాంటీ, సంతకం పెట్టకండి" అంది. పుష్పవల్లి పెట్టింది.

"చట్టం చూపించి ఉంచుకుంటే వాణ్ణి దొంగలా చూస్తారు. వాళ్లే ఒప్పుకుని ఉండనిస్తే మనిషిలా చూస్తారు" అంది నాతో. ఆ సంతకం పెట్టొద్దని నేను గట్టిగా చెప్పలేదు. నిజం చెప్పాలంటే ఫిర్యాదు తొందరగా వస్తే బాగుండునని కూడా ఆ వారంలో అనుకున్నాను.

పది నెలలు గడిచాయి. గోవిందు ఎవరినీ కరవలేదు, ఎవరి మీదా మొరగలేదు. అసలు మొరగడం వచ్చో రాదో మాకు తెలియలేదు. కుక్కర్ కూత వేస్తే ఫ్రిజ్ వెనక్కి దూరేవాడు. వెనకభాగం పట్టక బయటే ఉండేది. పొద్దున్నే పుష్పవల్లి వాణ్ణి వాలు రోడ్డు మీద నడిపించేది. టీ కొట్టు దగ్గర వేషాల కోసం తిరిగే కుర్రాళ్లు మొదట్లో అటు గట్టు ఎక్కేవాళ్లు. పోను పోను "గోవిందన్నా, మాకు ఒక్క చాన్సిప్పియ్యన్నా" అని దండం పెట్టడం మొదలుపెట్టారు. బాలనర్సయ్య తన జొన్నరొట్టెలో ముక్క విరిచి, చెయ్యి పూర్తిగా చాచి, మొహం అటు తిప్పుకుని పెట్టేవాడు. "జర మెల్లగ బిడ్డా, వేళ్లు నాయి" అనేవాడు. ప్రేమ కలిగింది కానీ భయం పోలేదు. నాదీ అదే పరిస్థితి.

ఈ మధ్యలో పుష్పవల్లికి పిలుపులు తగ్గాయి. పాత అరుపులు కంప్యూటర్లలో దాచుకుని వాటినే వాడుతున్నారు. "నా అరుపులకే నేను పోటీ అయిపోయానండీ" అని నవ్వేది. నవ్వు చివర అతిమధురం ముక్క ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చుకునేది.

కిందటి మే నెలలో ఒక మధ్యాహ్నం డబ్బింగ్ కోఆర్డినేటర్ సాయిశ్రీనివాస్ ఫోన్ చేశాడు. మర్నాడు పొద్దున సినిమా సెన్సారుకు వెళ్లాలి. ఒక్క అరుపు కావాలి, థియేటర్ ఖాళీ లేదు. "ఇప్పుడందరూ ఇంట్లోనే ఫోన్లో రికార్డు చేసి పంపేస్తున్నారమ్మా, మీరూ అలాగే పంపండి. పాతవేవీ అతకట్లేదు, మీరు తప్ప ఇంకెవరూ పనికిరారు" అన్నాడు.

"ఇంట్లో నేను అరవను నాయనా" అని ఫోన్ పెట్టేసింది.

నేనే ఒప్పించాను. నాలుగు నెలల తర్వాత వచ్చిన పిలుపు. వద్దని చెప్పాక ఆమె ఊరికే గోడ చూస్తూ కూర్చోవడం నేను భరించలేకపోయాను. "స్టోరు గదిలో చుట్టూ దుప్పట్లు కడతాను. తలుపు వేసుకుని అరిస్తే ఎవరికి వినపడుతుంది? ఒక్క అరుపే కదా" అన్నాను. దుప్పట్లు నేనే కట్టాను. ఫోను నేనే పాత స్టాండుకు తగిలించాను. శబ్దం కాకూడదని ఫ్యాన్లు ఆపేశాను. గోవిందు ముందు గదిలో నిద్రపోతున్నాడు. నేను ఇంట్లో తిరిగితే చప్పుడవుతుందని, ముందు తలుపు దగ్గరగా వేసి, వీధి చివరికి వెళ్లి ఇరవై నిమిషాలు ఆగి వద్దామనుకున్నాను.

స్టోరు గది పైన చిన్న వెంటిలేటర్ ఉంది. అది భవనం మధ్యలో నాలుగంతస్తులకూ ఉమ్మడిగా ఉన్న గాలి గొట్టంలోకి తెరుచుకుంటుంది. దుప్పట్లు గోడలకు కట్టాను. పైకి చూడలేదు.

ఆ తర్వాత జరిగింది ఒక్కొక్కరూ చెబితే తెలిసింది. పుష్పవల్లి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, సాయిశ్రీనివాస్ పంపిన సన్నివేశం చూస్తూ, మొదటిసారి అరిచింది. ఆ గొట్టం గుండా అరుపు నాలుగు వంటిళ్లలోకి ఎక్కింది. మా పైవాటాలో హిమజ అనే అమ్మాయి ఇంట్లోనే ఆఫీసు పని చేసుకుంటుంది. "కుక్క ఆంటీని చంపేస్తోంది" అని బాల్కనీలోంచి కేకలు పెట్టింది. బాలనర్సయ్య గేటుకు అడ్డంపెట్టే ఇనప పైపు తీసుకుని మెట్లెక్కాడు. తలుపు తోస్తే తెరుచుకుంది. లోపల గోవిందు స్టోరు గది తలుపు మీద రెండు కాళ్లూ వేసి గీరుతున్నాడు. మొరుగుతున్నాడు. మా ఇంటికొచ్చాక మొరగడం అదే మొదటిసారి. తలుపు అవతల నుంచి పుష్పవల్లి రెండోసారి అరిచింది.

బాలనర్సయ్య కొట్టాడు.

ఆమెకు హెడ్‌ఫోన్లలో సినిమా తప్ప ఇంకేమీ వినపడటం లేదు. రెండోది కొంచెం తేలికగా వచ్చిందనిపించి మూడోసారి, బాగా లోపలి నుంచి అరిచింది. బాలనర్సయ్య మళ్లీ కొట్టాడు. ఆమె ఆపితే అతను ఆపేవాడు. ఆమె ఇంకొకటి, జాగ్రత్తకని, ఎక్కువ చెప్పింది. గోవిందు తిరిగి అతన్ని కరవలేదు. తలుపు వదల్లేదు.

నేను తిరిగొచ్చేసరికి మెట్ల మీద జనం. పుష్పవల్లి స్టోరు గది గుమ్మంలో హెడ్‌ఫోన్లు మెడలో వేసుకుని నేల మీద కూర్చుని ఉంది. గోవిందు తల ఆమె ఒడిలో ఉంది. వెనక కాలు ఉండకూడని వైపు తిరిగి ఉంది. పైపు పక్కన పడేసి బాలనర్సయ్య గోడకానుకుని ఏడుస్తున్నాడు.

"నీ గొంతే ఇన్ననమ్మా. పాణం పోతున్నట్టే ఉండె. నా చెయ్యి ఎట్ల లేసిందో నాకే ఎరుక లేదు."

"నీ తప్పేం లేదు నర్సయ్యా" అంటోంది ఆమె. చాలా మెల్లగా. ఎప్పుడూ మాట్లాడినంత మెల్లగా.

డాక్టరు కాలికి రాడ్డు వేశారు. ఆ సాయంత్రానికే, కిందికి దిగొచ్చి హిమజ తీసిన వీడియో భవనంలో వాళ్ల ఫోన్లన్నిటికీ, అక్కడి నుంచి ఎక్కడెక్కడికో వెళ్లింది. పద్నాలుగు సెకన్లు. తెరిచిన తలుపులోంచి, తలుపు గీరుతున్న నల్ల కుక్క. దాని మీద పుష్పవల్లి అరుపు. ఆమె ఆ వీడియోను రెండుసార్లు చూసింది.

"థియేటర్లో చేసిందే ఇంట్లోనూ చేశానండీ" అంది.

ఆ ఆదివారం ఉదయం కింద పార్కింగ్‌లో సమావేశం పెట్టారు. బళ్ల మధ్య ప్లాస్టిక్ కుర్చీలు. పాతికమంది వచ్చారు. నిహారిక కూడా వచ్చి మా పక్కన కూర్చుంది. చలపతిరావు గారి చేతిలో పుష్పవల్లి సంతకం పెట్టిన కాయితం ఉంది.

"జరిగింది పొరపాటే కావచ్చు. కానీ ఫిర్యాదు వచ్చిందా, లేదా? అది చూడాలి కదమ్మా."

"ఆ అరుపు నాదేనన్నయ్యా. నా పని అది. వాడు నాకోసం తలుపు గీరాడు."

"నేను విన్నానాంటీ," హిమజ అందుకుంది. "సారీ, కానీ అది యాక్టింగ్ కాదు. నాకు మూడు రోజుల్నుంచీ నిద్ర లేదు. ఎవరూ అలా ఊరికే అరవలేరు."

ఇన్నేళ్లలో పుష్పవల్లి పనికి అంతకంటే పెద్ద మెప్పు ఎవరూ ఇవ్వలేదేమో.

వెనక నుంచి ఒకాయన, "అయితే ఇక్కడ అరిచి చూపించమనండి, తేలిపోతుంది" అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. నేను లేవబోతే ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది. లేచి నిలబడి, కొంగు సర్దుకుని, ఎదురుగా ఉన్న స్తంభం వంక చూసింది. అక్కడ ఏదో తెర ఉన్నట్టు.

అరిచింది.

పార్కింగ్ కప్పు తక్కువ ఎత్తు. ఆ అరుపు ఎటూ పోలేక అక్కడే తిరిగింది. ఒక పాప ఏడుపు అందుకుంది. హిమజ రెండు చేతులూ మొహం మీద పెట్టుకుంది. "అయ్యో ఆంటీ, అదే. అదే అరుపు" అంది. ఒక్క క్షణం మేం గెలిచాం. నాకు బాగా గుర్తుంది, నిహారిక నా భుజం పట్టుకుంది.

అప్పుడు మెట్ల మీద గోళ్ల చప్పుడు వినిపించింది.

బాలనర్సయ్య సమావేశానికి రాలేదు. మొహం చెల్లక మా ఇంటికెళ్లి, గోవిందుకు రొట్టె పెట్టి దగ్గర కూర్చుందామని తలుపు తీశాడు. అరుపు వినగానే గోవిందు అతని పక్కనుంచి దూసుకొచ్చేశాడు. మూతికి బుట్ట లేదు. కట్టు కట్టిన కాలు ఈడ్చుకుంటూ, మెట్లు దొర్లుతూ దిగాడు. కుర్చీలు పడిపోయాయి. జనం బళ్ల మీదికెక్కారు. ఒకాయన కారు మీదికెక్కాడు. గోవిందు ఎవరినీ చూడలేదు. పుష్పవల్లి ఎదురుగా వచ్చి, ఆమెకు వీపు పెట్టి, జనం వైపు మొహం తిప్పి నిలబడ్డాడు. నిలబడలేక కూర్చున్నాడు. మళ్లీ లేచాడు.

"ఏం లేదురా," అంది ఆమె వంగి. "ఏం లేదు నాన్నా. ఊరికే అరిచాను."

చలపతిరావు గారు చెడ్డమనిషి కాదు. ఆ రోజు ఆయన మాటలో కోపం కూడా లేదు. కారు అవతలి నుంచే అన్నారు: "అరుపు మీదేనని అందరం ఒప్పుకున్నాం చెల్లెమ్మా. కానీ చూశారుగా. మీరు అరిస్తే అది వచ్చింది. రేపు మా మనవరాలు ఆడుకుంటూ అరుస్తుంది. అప్పుడూ వస్తుంది. నేనేం చెయ్యను?"

కుక్క ఉండొచ్చన్నవాళ్లను చేతులెత్తమన్నారు. హిమజ మాకోసం ఎత్తింది. ఇంకో ముగ్గురు ఎత్తారు. అంతే.

కోర్టుకు వెళ్దామని నిహారిక పట్టుబట్టింది. "గెలిచినా ఆ మెట్ల మీద రోజూ ఎవరో ఒకరి చేతిలో కర్ర ఉంటుందమ్మా. దెబ్బ తిన్నది వాడు, మనం కాదు" అని పుష్పవల్లి ఒప్పుకోలేదు. వేరే ఇల్లు చూద్దామని నెలరోజులు తిరిగాం. షేక్‌పేటలో, వెంగళరావునగర్‌లో, మోతీనగర్‌లో. ఇల్లు నచ్చేది, ఓనరుకు మేమూ నచ్చేవాళ్లం. "కుక్కుంది" అంటే, "చిన్నదేనా?" అనేవారు. ల్యాబ్రడార్ అని చెప్పేద్దామని నేనన్నాను. ఆమె అబద్ధమాడలేదు. మోతీనగర్‌లో బుచ్చమ్మ అనే పెద్దావిడ మాత్రం, "కుక్కైతే ఏందమ్మా, మనిషికంటె నయమే గద" అని ఒప్పుకుంది. మర్నాడు ఆమె కొడుకు వీడియో చూశాడు. మళ్లీ ఫోన్ చెయ్యలేదు.

జూన్ చివర్లో గోవిందును షెల్టర్‌కు తీసుకెళ్లాం. ఇచ్చేవాళ్లు ఒక ఫారం నింపాలి. అందులో ఒక గడి: 'వదిలెయ్యడానికి కారణం'. నిహారిక పక్కకు పిలిచి నెమ్మదిగా చెప్పింది, తర్వాత తీసుకెళ్లేవాళ్లు ముందు చదివేది ఆ గడినేనని. దాడి అనో, ఫిర్యాదు అనో రాస్తే గోవిందు చివరి గదిలోనే ఉండిపోతాడు. ఇల్లు మారుతున్నామని రాసెయ్యమంది, అందరూ రాసేది అదేనట. పుష్పవల్లి కలం తీసుకుంది. గడిలో పట్టక అంచు మీదికి కూడా పాకేలా రాసింది: 'వీడు ఎవరినీ ఏమీ చెయ్యలేదు. నేను అరిచాను. నన్ను కాపాడటానికి వచ్చాడు.'

జీవితమంతా సంభాషణలు రాసిన నాకు అందులో దిద్దాల్సిన మాట ఒక్కటీ కనపడలేదు.

దసరాకు ముందు శంకరపల్లి దగ్గర ఒక స్కూలు టీచరమ్మ ఆ గడి చదివి గోవిందును తీసుకెళ్లారు. కుంటుతాడట, బాగున్నాడట. ఆ కబురు పుష్పవల్లి విన్నది. చూడటానికి వెళ్దామా అంటే వద్దంది. చూసి వచ్చేస్తే మళ్లీ వదిలేసి పోయామని వాడనుకుంటాడట. ఆ మే నెల తర్వాత ఆమె ఏ సినిమాకీ అరవలేదు. పిలిచిన వాళ్లకు గొంతు బాగాలేదని చెప్పేది.

షెల్టర్ నుంచి తిరిగొచ్చిన రోజు ఆటోలో ఆమె ఒళ్లో ఖాళీ గొలుసు, మూతిబుట్ట ఉన్నాయి. నేను మాట కోసం వెతుక్కుంటున్నాను. దుప్పట్లు కట్టింది నేనని, తలుపు దగ్గరగా వేసి వెళ్లింది నేనని, ఇప్పటికైనా చెప్పుకోవాలనుకున్నాను. షేక్‌పేట ఫ్లైఓవర్ ఎక్కుతుండగా ఆమే అంది:

"ఇన్నేళ్లు అరిచాను కదండీ. ఎవరైనా వచ్చారా?"

"సినిమా అరుపులకు ఎవరొస్తారే?"

"వాడొచ్చాడు. నర్సయ్యా వచ్చాడు, పాపం, ఈ వయసులో పైపు పట్టుకుని మెట్లన్నీ పరిగెత్తి." గొలుసును వేలికి చుట్టుకుంది. "ఇద్దరూ నాకోసమే వచ్చారండీ. వచ్చి, ఒకరికొకరు దొరికారు."

నేను చెప్పాలనుకున్నది చెప్పలేదు. తర్వాత కూడా చెప్పలేదు. కార్తీకం దాకా ఆమె ఇంట్లోనే ఉంది, నేనూ ఇంట్లోనే ఉన్నాను.